ఆఫీసులో హారతి పళ్లెం

దసరా సెలవులకు ముందురోజు ఏ ప్రభుత్వాఫీసుకైనా వెళ్లి చూడండి. గుమ్మానికి మామిడి తోరణాలు, బీరువాలకూ కంప్యూటర్లకూ పసుపు కుంకుమ బొట్లు, జీపు టైర్ల కింద నిమ్మకాయలు, గేటు దగ్గర పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ. ఆర్టీసీ డిపోల్లోనైతే బస్సులు అరటిపిలకలు కట్టుకుని పెళ్లివారిలా బయల్దేరతాయి. నాకది ముచ్చటగానే ఉంటుంది. ఏడాది పొడుగునా అన్నం పెట్టిన స్టీరింగుకు డ్రైవరు దణ్ణం పెట్టుకుంటే తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ప్రభుత్వాఫీసుల్లో పూజలుండొచ్చా అన్న పేచీ మనకు కొత్తదేం కాదండీ. ప్రభుత్వ కార్యక్రమాల్లో కొబ్బరికాయలు కొట్టడం, పూజలు చేయడం, మంత్రాలు చదవడం ఆపించమని భారత నాస్తిక సమాజం నల్గొండ జిల్లా శాఖ వాళ్లు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెక్కారు. 1992 నాటి తీర్పు అది. కోర్టు ఒప్పుకోలేదు. అలా నిషేధిస్తే జనం విశ్వాసానికీ ఆరాధనకూ ఉన్న హక్కునే కాలరాసినట్టవుతుందంది. 2011లో గుజరాత్ హైకోర్టు కూడా ఇంచుమించు ఇదే దారి పట్టింది. కొత్త కోర్టు భవనానికి భూమిపూజ చేయడాన్ని ప్రశ్నించినాయన పిటిషను కొట్టేసి, పైగా 20,000 రూపాయలు ఖర్చులు కట్టమంది.

పూజ చేసుకునేవాడి హక్కు గురించి 1992 తీర్పు చెప్పిన మాట నాకూ సమ్మతమే. పక్కన నిలబడ్డవాడి సంగతే నన్ను తొలుస్తుంది.

ఒక ఆఫీసులో నేను చూసిందే చెబుతాను. చందా కాగితం పట్టుకుని సీనియర్ అసిస్టెంటు బల్ల బల్లకీ తిరుగుతున్నాడు. మొదటి పేరు ఆఫీసరుగారిది, ఎదురుగా 500. దాని కింద హోదా వరసన తక్కినవాళ్లు. చివరికి కాగితం డేటా ఎంట్రీ కుర్రాడి దగ్గరికొచ్చింది. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఆదివారం చర్చికి వెళ్లే ఇల్లు. ఏటేటా రెన్యువల్ ఫైలు మీద సంతకం పెట్టేది కాగితంలో మొదటి పేరున్న ఆ సారే. కుర్రాడు పైనుంచి కిందికి అన్ని పేర్లూ చదివి, "వంద రాయండన్నా" అన్నాడు. మర్నాడు హారతి పళ్లెం వరసగా వస్తుంటే, ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని వరండాలోకి నడిచాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. అయినా ఆ వంద రూపాయలు ఇష్టపడి ఇచ్చినవని మీరనగలరా? నేననలేను.

రాజ్యాంగం 25వ అధికరణంలో ఆరాధన కంటే ముందున్నది అంతరాత్మ స్వేచ్ఛ. దాని లోతు ఎంతో చూపించినవాడు మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డిగారు. కేరళలో ముగ్గురు పిల్లలు యెహోవా సాక్షుల కుటుంబం వాళ్లు. బడిలో జాతీయగీతం పాడుతుంటే గౌరవంగా లేచి నిలబడేవాళ్లు కానీ, తమ మతం ఒప్పుకోదని గొంతు కలిపేవాళ్లు కాదు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టులో చిన్నప్పరెడ్డిగారి ధర్మాసనం వాళ్లను మళ్లీ బళ్లో చేర్చుకోమంది. లేచి నిలబడ్డారు, అగౌరవపరచలేదు, అది చాలంది. జాతీయగీతం దగ్గరే మౌనంగా ఉండే హక్కున్నప్పుడు, హారతి దగ్గర ఆ కుర్రాడు రాని ఫోను ఎత్తాల్సిన అవసరమేముంది?

మనవాళ్లకు సర్దుబాటు చేతకాక కాదండీ. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం కాస్త ముందుగానే ఇంటికెళ్లొచ్చని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వులిస్తారు. ఉపవాసమున్న మనిషికి వెసులుబాటు దొరుకుతుంది, పక్క బల్ల ఆయన ఉపవాసం ఉండక్కర్లేదు. మంత్రులు చేసే ప్రమాణమూ అంతే. దైవసాక్షిగా అన్నా, దేవుడి ఊసెత్తకుండా చేసినా పదవి ఒకటే. ఈ రెండూ నాకెంతో ఇష్టమైన ఏర్పాట్లు.

ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద బొట్టు పెట్టిన రాయి, తర్వాత గట్టు, ఆ తర్వాత స్లాబు, హుండీ... ఇవి మాత్రం నాకు ససేమిరా గిట్టవు. బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కొత్త ప్రార్థనా కట్టడాలు, అది ఏ మతానిదైనా, రానివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29నే చెప్పింది.

అన్నట్టు, కిటికీ అవతలివాళ్లను మరిచిపోతున్నాం. కులధ్రువీకరణ కాగితం కోసం కూలి మానుకుని వచ్చినావిడకు "పూజ అవుతోందమ్మా, కూచో" అంటారు. ఆవిడ ఏ దేవుణ్ణి కొలిచినా పోయేది ఆ పూట కూలే కదా. పూజేదో పదిన్నరలోపు ముగించుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ దసరాకు మీ ఆఫీసులో చందా కాగితం తిరిగితే, మొదటి పేరు ఎవరిదో చూడండి. సారుదైతే, ఆ కాగితమే వద్దని ఆయనకే మర్యాదగా చెప్పండి. అటెండరు గది దగ్గర మూత పెట్టిన డబ్బా ఒకటి ఉంచితే, వేసేవాళ్లు వేస్తారు. ఎవరెంత వేసిందీ, వేయందీ సారుకు తెలియదు.