మబ్బుల బండి

పోయిన డిసెంబర్‌లో చలీ వానా ఒక్కసారే పట్టుకున్నాయి. పుణెలో నా ఇంటర్వ్యూ ఆ రోజే. హుతాత్మా ఎక్స్‌ప్రెస్ పొద్దున ఆరున్నరకే సోలాపూర్ విడుస్తుంది. మబ్బుల ఐదింటికి, ఆ వానల, మన నీలం నగర్‌లో రిక్షా ఏది?

"పోకు బిడ్డా, తడిసి జరం తెచ్చుకుంటవు" అన్నది అమ్మ. నాకూ దుప్పట్లోంచి లేవబుద్ధి కాలేదు, అబద్ధమెందుకు!

"మరి నువ్వు బీడీలు అప్పజెప్ప పోవా?"

"పోకుంటె ఎట్ల? మెత్తబడితే కార్ఖానాల పక్కన పడేస్తరు" అంటూనే నవ్వింది.

సేటును అడిగి రాత్రి పాళీ మధ్యలోనే వచ్చిన నాయిన ఏమీ అనలేదు. టవళ్ల మూటకు చుట్టే ప్లాస్టిక్ కాగితంలో నా సర్టిఫికెట్లు చుట్టి, సైకిల్ మళ్లీ బయటికి తిప్పిండు. వెనక కూర్చున్నాను. స్టేషన్ దాకా ఆయన దగ్గు ఆగలేదు.