నూట పద్దెనిమిదేళ్ళ సెకండ్ హీరో!

ఇరవై సినిమాల్లో సెకండ్ హీరోగా వేసి, ఒక్కసారైనా టైటిల్స్‌లో తన పేరు ముందు పడాలని కలలుగనే నటులు మీకు తెలుసు. ఒక ద్రాక్షతోటకీ అలాంటి కథే ఉందంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు... ఫ్రాన్సులో బోర్డో నుంచి రైలెక్కి పొయాక్ అనే చిన్న ఊళ్ళో దిగేదాకా!

ఆ ఊరి పక్కనే ఉంది షాతో మూటాన్ రోత్‌షీల్డ్. ఎర్ర వైన్‌కి జగమెరిగిన పేరు. రెండొందల ఎకరాల పైచిలుకు తోట. గట్టున నిలబడి చూద్దును గదా, మట్టేదీ? అన్నీ గులకరాళ్ళే! మన రైతెవరైనా అయితే "ఇదేం నేలయ్యా, జొన్నకూడా మొలవదు" అని మొహమ్మీదే అనేస్తాడు.

కానీ కిటుకంతా ఆ రాళ్ళలోనే ఉంది. వాన నీళ్ళు నిలవవు. తీగ వేళ్ళు తడి వెతుక్కుంటూ లోతుకి పోవాల్సిందే. పగలు కాగిన రాళ్ళు రాత్రి ఆ వెచ్చదనాన్ని గుత్తులకిస్తాయి. దగ్గర్లోని జిరాండ్ నదీముఖం ఎండనీ చలినీ మరీ ముదరనివ్వదు. ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యాన్ ద్రాక్షకి ఇంతకంటే ఏం కావాలి? తోటలో ఎక్కువ భాగం అదే. కడుపునిండిన తీగకంటే కాస్త పస్తున్న తీగే మంచి కాపునిస్తుందన్నమాట!

1853లో నథానియల్ ద రోత్‌షీల్డ్ ఈ తోట కొన్నాడు. రెండేళ్ళకి, పారిస్ ఎగ్జిబిషన్ కోసం బోర్డో వర్తకులు ధరల్ని బట్టి వైన్‌లకి తరగతులు కట్టారు. నాలుగు తోటలకి ఫస్ట్ క్లాసు. మూటాన్‌కి సెకండ్!

1922లో ఆ వంశంలోని ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఫిలిప్ పగ్గాలు పట్టాడు. అన్నట్టు, ఈయన సినిమావాడు కూడా. 1934లో 'లాక్ ఓ దామ్' చిత్రాన్ని నిర్మించాడు. అంతకుముందు వైన్‌ని పీపాల్లో వర్తకులకి అప్పగిస్తే, సీసాల్లో పోసేది వాళ్ళే. ఎడిటింగ్ కాని సినిమాని డిస్ట్రిబ్యూటర్ చేతిలో పెట్టడం లాంటిదిది. 1924 నుంచి సీసాల్లో నింపడం తోటలోనే జరగాలని ఫిలిప్ పట్టుబట్టాడు. అందుకోసం నూరు మీటర్ల పొడవున గిడ్డంగి కట్టించాడు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. తోట చేజారింది. భార్య ఎలిజబెత్ 1945లో నాజీల రావెన్స్‌బ్రూక్ శిబిరంలో కన్నుమూసింది. ఆ ఏటి సీసా మీద విజయానికి గుర్తుగా 'వి' అక్షరం వేయించాడు ఫిలిప్. అప్పటినుంచి లేబుల్ మీద ఏటా ఒక కళాకారుడి బొమ్మ! 1982 సీసాకి హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ బొమ్మ గీశాడు. 2009 సీసాకి బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్. వాళ్ళకి పారితోషికం డబ్బు కాదు, వైన్!

చివరికి 1973లో, వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్ సంతకంతో మూటాన్ ఫస్ట్ క్లాసయింది. ఆ ఏడే కన్నుమూసిన పికాసో చిత్రమే ఆ ఏటి లేబుల్.

శుభం కార్డు వేద్దామా? ఆగండి! 1976లో పారిస్‌లో పేర్లు కనపడకుండా రుచి చూసిన పోటీలో మొదటి స్థానం ఒక కాలిఫోర్నియా వైన్‌కి దక్కింది. మూటాన్... మళ్ళీ సెకండే!

తిరుగురైల్లో అదే ఆలోచించాను. 1855లోనూ, 1973లోనూ, 1976లోనూ ఆ గులకరాళ్ళు అవే. మారిందల్లా మనుషులు వేసిన మార్కులే. మూటాన్ వాళ్ళు కొత్త హోదా వచ్చాక తమ నినాదం తిరగరాసుకుంటూ చివర్న ఒక మాట పెట్టుకున్నారు - మూటాన్ మారదు అని.

సెకండ్ హీరోలూ, వింటున్నారా?