చివర కట్టుకొనే పట్టీ

1943లో ఫ్రాన్సు దేశంలో కూస్తో, గాన్యాన్‌లు రూపొందించిన ఆక్వాలంగ్ మానవునికి సాగరగర్భంలో మత్స్యస్వేచ్ఛను ప్రసాదించింది. ఆనాటి ఈతగాళ్ళు దానిని ధరించిన తీరు మమ్మల్ని నేటికీ ఆకర్షిస్తుంది. బిగువైన రబ్బరు దుస్తులు ఎక్కేందుకు ఒంటికి పౌడరు పూసుకొనేవారు. కళ్ళద్దం మసకబారకుండా ఉమ్మితో రుద్ది కడిగేవారు. బరువైన గాలి సిలిండరును ముందుంచుకొని, పట్టీలలో చేతులు దూర్చి, తలమీదుగా ఎత్తి వీపుపైకి జార్చుకొనేవారు.

సీసపు బరువుల నడుంపట్టీని మాత్రం అన్నిటికంటె చివర, మరే పట్టీ కిందా చిక్కకుండా, ఒంటిచేత్తో లాగగానే ఊడిపోయే బకిలుతో బిగించేవారు. ఆపద వేళ దానిని జారవిడిస్తే దేహం తేలికై పైకి వస్తుంది. చిక్కుకొన్నదా, ప్రాణమే పోవచ్చు.

ధరించేటప్పుడే విడిచే ఘడియను తలచుకొన్న ఆ వివేకాన్ని, కళాశాల గడప దాటనున్న మేము మనసున భద్రపరచుకొంటున్నాము.