బస్సు దిగిన తర్వాతి దారి

హిందూపురం నుంచి పెనుకొండకు పోయే పల్లెవెలుగు బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఒళ్లో చింతపండు మూట. కండక్టరు రాగానే నడుముకు దోపుకున్న చిక్కం తీసి, అందులోంచి ప్లాస్టిక్ తొడుగేసిన ఆధార్ కార్డు చూపించింది.

"యాడికవ్వా?"

"సోమందేపల్లికి నాయనా."

మిషన్‌లోంచి సున్నా రూపాయల టికెట్టు వచ్చింది. దాన్ని మడిచి, కార్డుతో పాటు చిక్కంలో భద్రంగా పెట్టుకుంది. "దుడ్డు లేని టికెట్టే గదవ్వా, అంత జాగ్రత్త ఎందుకు?" అని అడిగాను. "చెకింగోళ్లు వస్తే చూపించాల గదప్పా" అంది. కాసేపాగి తనే మళ్లీ చెప్పింది: ముందైతే కూతురింటికి పండక్కి మాత్రమే పోయేదట, ఇప్పుడు మనసు పుడితే పోతోందట.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. రాష్ట్రంలోని ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరాల్లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలోనూ ప్రయాణం ఉచితం. నిలబడ్డ మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు సీట్లు దొరకడం లేదని గొణిగారు. సీట్లు చాలకపోతే బస్సులు పెంచమని అడగాలి. ఇన్నాళ్లూ చార్జీకి జంకి ఇంట్లో ఉండిపోయిన మనుషులు బయటికి వచ్చారని బాధపడకూడదు.

అయితే హిందూపురానికి ఈ మేలు సగమే అందింది. గట్టు దాటితే కర్ణాటక. అక్కడ శక్తి పథకం 2023 జూన్ 11 నుంచే ఉంది. గౌరిబిదనూరులో కాపురమున్న అక్క బెంగళూరుకు ఊరికే పోయి వస్తుంటే, హిందూపురంలోని చెల్లెలు రెండేళ్లకు పైగా చూస్తూ కూర్చుంది. ఇప్పుడు చెల్లెలికీ పథకం వచ్చింది. కానీ అంతర్రాష్ట్ర సర్వీసులకు అది చెల్లదు. ఈ ఊరి బతుకుతెరువు చాలావరకు దక్షిణం వైపే ఉంది: కూలి పనులకైనా, పెద్దాసుపత్రికైనా, పిల్లల ఉద్యోగాలకైనా నూరు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకే పోతారు. అవసరం ఎక్కువున్న దారిలోనే టికెట్టు కొనాలి. రెండు ప్రభుత్వాలకూ ఒకే తీరు పథకం ఉంది. రెండు ఆర్టీసీల మధ్య బస్సుల ఒప్పందాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. సరిహద్దు మండలాల ఆడవాళ్ల కోసం వాటిలో ఒక్క పేరా చేర్చడం అసాధ్యమని నేను అనుకోను.

సోమందేపల్లిలో అవ్వ దిగింది. మూట అందించాను. ఆమె హైవే పక్కన నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉండగానే బస్సు కదిలింది. లారీలు, కార్లు ఆగకుండా పోతున్నాయి. బస్సులో ఆమెకు సీటు దొరికింది, చార్జీ లేకుండా దొరికింది. దిగాక రోడ్డు దాటడానికి మాత్రం ఏ ఏర్పాటూ నా కంటికి కనపడలేదు. ఈ ప్రయాణంలో నేను చూడాలనుకున్నది అదే: బండి దిగినవాళ్లు ఊరి నడిబొడ్డుకు ఎట్లా చేరుతున్నారు, చేరాక కాసేపు నిలబడటానికి చోటుందా అని.

ముందురోజు సాయంత్రం హిందూపురం వీధుల్లో తిరిగాను. గుత్తి పాలకుడు మురారిరావు తండ్రి హిందూరావు పేరు మీద ఈ ఊరు వెలిసిందంటారు. 2011 జనాభా లెక్కల నాటికే లక్షన్నర దాటింది. బెల్లం, చింతపండు, మిరపకాయల వ్యాపారానికి పేరుమోసిన ఊరు. ఎండలు మొదలై చింతపండు సీజను జోరు మీద ఉంది కాబట్టి, గాంధీ సర్కిల్ నుంచి బజారు వైపు నడుస్తుంటే గాలిలోనే పులుపు తగిలింది. మూటలు దించే హమాలీలు, పూల గంపలు, అరటిపండ్ల బండ్లు, వాటి మధ్యనుంచి హారన్ కొడుతూ ఆటోలు. ఒక తల్లి చంకలో పిల్లాడితో, చేతిలో సంచితో, ఆగి ఉన్న మోటారుసైకిళ్లకూ కదిలే లారీకీ నడుమ ఉన్న సందులో ఒక్కో అడుగే వేస్తోంది. ఆమె వెనకే నేనూ నడిచాను. ఆ వేగంలో బజారు దాటేసరికి చీకటి పడింది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం కాలిబాటలో అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఇద్దరు మనుషులు సంచులతో ఎదురుపడినా తప్పుకోగలిగే వెడల్పు అది. మన పాత బజార్లలో అంత చోటు ఎక్కడిదని ఎవరైనా అంటే, మొదట తోపుడుబండ్ల వైపే వేలు చూపిస్తారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఒక కారు పెట్టే చోటులో మూడు బండ్లు పడతాయి. కారు రెండు గంటలు ఊరికే నిలబడుతుంది. ఆ మూడు బండ్లు మూడు కుటుంబాలకు అన్నం పెడతాయి, వందమందికి సరుకు ఇస్తాయి. పైగా 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ వేయాలి, సభ్యుల్లో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లు ఎన్నికైనవాళ్లై ఉండాలి అని ఆ చట్టం చెబుతోంది. బండ్లు ఎక్కడ నిలబడాలో, కాలిబాట ఎక్కడ వదలాలో వాళ్లతోనే కూర్చుని గీత గీయవచ్చు. అరటిపండ్లు అమ్మే ఒకాయనతో ఈ సంగతి అంటే, "గీత గీయనీ సార్, గీతలో నిలబడతాం. పొద్దున ఒక చోట, సాయంత్రం ఇంకో చోట పొమ్మంటేనే కష్టం" అన్నాడు.

ఇక పెనుకొండ. ఊరు ఇంకా దూరముండగానే కొండ కనపడుతుంది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం వదిలిన తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. బస్టాండు నుంచి గగన్ మహల్‌కు నడిచే పోయాను. పాత కోట ఊరు కాబట్టి పెద్దగా దూరాలు లేవు. నడవగలిగినవాళ్లు ఒక పూటలో గగన్ మహల్, షేర్ ఖాన్ మసీదు, పార్శ్వనాథ జైన ఆలయం, బాబయ్య దర్గా చూసి రావచ్చు. ఒక హిందూ రాజు మేడ, ఒక మసీదు, ఒక బసది, ఒక సూఫీ సమాధి ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లు మనకెన్ని ఉన్నాయి? ఈ నాలుగింటినీ కలుపుతూ చెట్ల నీడన ఒక నడకదారి, నాలుగు దారి చూపే బోర్డులు, తాగడానికి నీళ్లు ఉంటే చాలు, బెంగళూరు నుంచి లేపాక్షికి వచ్చే జనంలో కొంతమందైనా ఇక్కడికీ వస్తారు. నేను దారి అడిగిన ప్రతిచోటా మనుషులు ఆప్యాయంగా చెప్పారు. ఒక కుర్రాడు పని మానుకుని మలుపు దాకా వచ్చాడు. బోర్డు చేయాల్సిన పని మనుషులు చేస్తున్నారు.

పెనుకొండకు ఇప్పుడు రెండు రకాల రాకపోకలు ఉన్నాయి. 2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ తయారైంది. ఏటా మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. హైవే పొడవునా కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. షిఫ్టు వేళకు కంపెనీ బస్సులు వరసగా వస్తాయి, ఎక్కాల్సినవాళ్లను ఎక్కించుకుని పోతాయి. అదే రోడ్డు మీద గుట్టూరు రైతు, కాలేజీ పిల్ల పల్లెవెలుగు కోసం ఎదురుచూస్తుంటారు. కంపెనీని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కార్మికులకు బస్సు ఏ నిమిషానికి వస్తుందో తెలిసినప్పుడు ఊరివాళ్లకూ తెలియాలి. స్టాపుల్లో వేళలు రాసిన ఒక బోర్డు, కూర్చోవడానికి ఒక అరుగు, పైన రేకు ఉంటే ఎదురుచూపు ఇంత బరువనిపించదు.

మధ్యాహ్నం పెనుకొండ స్టేషన్‌లో బెంగళూరు నుంచి ధర్మవరం పోయే మెము రైలెక్కాను. ఈ లైను పందొమ్మిదో శతాబ్దం చివర్లో మీటరు గేజిగా పుట్టింది. తర్వాత బ్రాడ్ గేజి అయింది. 2000 సంవత్సరంలో ప్రశాంతి నిలయం మీదుగా మరో దారి తెరిచారు. మా రైలు అటే పోయింది. ఆ స్టేషన్ పేరు శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం. పుట్టపర్తి ఊరు మాత్రం అక్కడికి దూరం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తి దాని కేంద్రమయ్యాక, కలెక్టరేట్ పని మీద రైలు దిగేవాళ్లు కూడా ఆటో కోసం బేరమాడాల్సిందే. రైలు వచ్చే వేళకు ఒక ఆర్టీసీ బస్సు స్టేషన్ బయట నిలబడటమనేది పెద్ద ఖర్చు లేని పని. కానీ చేయాల్సింది ఎవరు? హిందూపురం, పెనుకొండ స్టేషన్లు హుబ్బళ్లి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వేలో బెంగళూరు డివిజన్ కింద ఉన్నాయి. ధర్మవరం గుంతకల్లు డివిజన్ కింద ఉంది. బస్సు ఆర్టీసీది. స్టేషన్ బయట రోడ్డు మున్సిపాలిటీదో, ఆర్ అండ్ బీదో. ఒక మనిషి ఒక పూటలో చేసే ప్రయాణం ఇన్ని ఆఫీసుల మధ్య ముక్కలైంది. మొత్తం ప్రయాణాన్ని తనదనుకునే ఆఫీసు ఒక్కటీ లేదు.

అమృత్ భారత్ పథకం కింద దేశంలో 508 స్టేషన్లకు 2023 ఆగస్టు 6న ఒకేరోజు శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత మరెన్నో చేరాయి. పథకం జాబితాలో హిందూపురం, ధర్మవరం రెండూ ఉన్నాయి. లిఫ్టులు, వెయిటింగ్ హాళ్లు, కొత్త ముఖద్వారాలు రావాలి, సంతోషం. ఆ ముఖద్వారం దాటాక మొదలయ్యే అర కిలోమీటరు కూడా అదే పథకంలో భాగం కావాలని నా కోరిక.

ధర్మవరం చేరేసరికి ఎండ వాలింది. పట్టుచీరల ఊరు. నేసేపేట వైపు నడిస్తే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. కళాజ్యోతి సర్కిల్ దగ్గర చీరల అంగళ్ల ముందు కార్లు రెండు వరసలు. తేరు బజారులో ఒక అంగడి యజమానితో మాట కలిసింది. చెన్నకేశవస్వామి రథోత్సవం నాడు బండ్లన్నిటినీ ఆపి, ఊరంతా వీధుల్లోకి దిగుతుంది. ఆ ఒక్కరోజు జరిగేది వారానికొక సాయంత్రం ఎందుకు జరగకూడదని అడిగాను.

"కార్లు రాకపోతే కొనేవాళ్లు రారు సార్" అన్నాడాయన.

బ్రెజిల్‌లో కురిచిబా అనే నగరం కథ చెప్పాను. 1972లో అక్కడి మేయర్ జైమే లెర్నర్ 'నవంబరు 15' అనే పెద్ద బజారు వీధిలో వాహనాలు ఆపేయాలనుకున్నాడు. అంగళ్లవాళ్లు ససేమిరా అన్నారు. శుక్రవారం సాయంత్రం పని మొదలుపెట్టి సోమవారానికి రాళ్లు పరిచి, పూలకుండీలు పెట్టించాడు. జనం నడుస్తూ రావడం మొదలయ్యాక, అదే అంగళ్లవాళ్లు ఇంకొంత దూరం పొడిగించమని అడిగారు. మన చార్మినార్ దగ్గర కూడా బండ్లను దూరంగా ఆపి, నడిచేవాళ్లకు చోటు చేశారు. ఏళ్లు పట్టింది గానీ చేశారు. ధర్మవరానికి రాళ్లు పరచాల్సిన అవసరం కూడా లేదు. వీధి రెండు చివర్లా కార్లకు, షేర్ ఆటోలకు చోటు చూపించి, సాయంత్రం నాలుగు గంటలు తాడు కడితే చాలు. తేరు నాడు ఏ బండి ఎటు మళ్లాలో ఈ ఊరి పోలీసులకు, కుర్రాళ్లకు కంఠస్థమే.

"ముసలోళ్లు? మూటలు మోసుకునేటోళ్లు?" అన్నాడు. మంచి ప్రశ్న. వాళ్ల కోసం రిక్షా బండి ఒకటి లోపల తిరగాలి, పదిచోట్ల బల్లలు ఉండాలి అన్నాను. ఆయన చీరలు మడతపెడుతూ ఆలోచించాడు.

"ఆదివారం మాత్రం వద్దు సార్, బేరమంతా ఆ రోజే. మంగళవారం పెట్టించండి. నా అంగడి ముందు కుర్చీలు నేనే వేస్తా."

పక్క అంగడాయన అంతా విని తల అడ్డంగా ఊపాడు. ఆయనకు సరుకు వచ్చేది మంగళవారమేనట. ఇద్దరూ బుధవారం గురించి వాదించుకోవడం మొదలుపెట్టారు.