పలక కొనేటప్పుడు

పరదేశపు వస్తువులు కొనకూడదని సభలో చెప్పటం తేలిక. చేతిలో డబ్బులు పట్టుకుని అంగడి ముందు నిలబడ్డప్పుడే వుంది అసలు తంటా. 1921లో విదేశీ బట్టలు కుప్పలు పోసి తగలబెట్టినవారికి కూడా చిక్కులు తప్పలేదు. కట్టుకోవటానికి గుడ్డలేని పేదలున్న దేశంలో బట్టలు కాల్చటమేమిటని రవీంద్రనాథ ఠాగూరు అంతటివారే ఆక్షేపించారు. గాంధీగారు సమాధానం చెప్పారు. ఆ వాదం ఇప్పటికీ తెగినట్టు లేదు.

మా మార్కాపురం వాళ్ళకు స్వదేశీ అంటే ముందుగా గుర్తొచ్చేది పలక. చెన్నకేశవస్వామి గుడి తరువాత మా ఊరిపేరు నలుగురికీ తెలియజేసింది అదే. గనిలోంచి తీసిన నల్లరాయిని ఉలితో పొరలు పొరలుగా చీలుస్తారు. కొలతకు కోసి, నునుపుచేసి, చుట్టూ చెక్కచట్రం బిగిస్తారు. దొండాకు, బొగ్గు కలిపి రుద్ది, ఆ నల్లదనం చూసుకుని మురిసిపోయిన తరం మాది. అప్పటికింకా ఒంగోలు జిల్లా పుట్టలేదు. 1970 దాకా మాది కర్నూలు జిల్లాయే.

మొన్న మనుమరాలి అక్షరాభ్యాసానికి పలక కావలసివచ్చింది. అంగట్లో మీట నొక్కితే రాసినదంతా మాయమయ్యే చీనా పలకలు వరసగా పేర్చి వున్నాయి. చవక, తేలిక, కిందపడినా పగలవు.

“మన ఊరి రాయి వుండగా ఇవెందుకమ్మా?” అన్నాను కోడలితో, కాస్త గర్వంగానే.

“రాతిపలకే కొందాం మామయ్యా. కాని అది ఎవరి చేతిమీదుగా వచ్చిందో కూడా అడుగుదాం. మా అమ్మ ఎనిమిదో ఏట బడికి పోలేదు, పలకల షెడ్డుకు పోయింది. ఎన్ని పలకలకు చట్రాలు బిగించిందో లెక్కలేదు. వాటిలో ఒక్కదానిమీదా తన పేరు రాసుకోలేదు” అన్నది.

నాకు నోట మాట రాలేదు.

ఇది ఒక ఇంటి కథ కాదు. 1988లో ప్రభుత్వం బాలకార్మికుల కోసం ప్రత్యేక పథకాలు మొదలుపెట్టినప్పుడు ఏరిన చోట్లలో మా మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. తక్కినవాటిలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజుసామాను, మీర్జాపూరు తివాచీలు వున్నాయి. అన్నీ అచ్చమైన స్వదేశీ సరుకులే! ఒకరి పిల్లకు ఓనమాలు దిద్దే పలకను, ఓనమాలు రాని మరొకరి పిల్ల తయారుచేసిందన్నమాట. ఇక రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము పెద్దల ఊపిరితిత్తులనే తినేస్తుంది, పసివాళ్ళ సంగతి చెప్పాలా?

అయితే రాతిపలకనూ వెలివేద్దామా? ఆ దెబ్బ ముందుగా తగిలేది యజమానికి కాదు, కూలివాడికి. కాగితపు పుస్తకాలు, రేకుపలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి గిరాకీ తగ్గేసరికి షెడ్లు మూతపడ్డాయి. పొట్ట చేతపట్టుకుని ఊరొదిలి పోయినవారిని నేనెరుగుదును.

చివరకు అంగడి మాని ఇద్దరం ఒక షెడ్డుకే వెళ్ళాం. లోపల పనిచేసేవారందరూ పెద్దవాళ్ళే. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు మరి. కొందరు మూతికి గుడ్డ కట్టుకున్నారు, కొందరికి అదీ లేదు. కట్టుకోనివారిని చూపించి, “వీళ్ళకు దుమ్ము ఆపే తొడుగులు ఇవ్వరా?” అని కోడలు యజమానిని అడిగింది. ఆయన నసిగాడు. ధర చెప్పగానే అలవాటుకొద్దీ నేను బేరం మొదలుపెట్టబోతే, “వద్దు మామయ్యా! మనం తగ్గించేది ఎవరి కూలిలోంచి పోతుందో మనకు తెలీదు” అని ఆపింది.

ఎక్కడిదని అడిగితే దేశాభిమానం. ఎవరు చేశారు, వాళ్ళకేం ముట్టిందని కూడా అడిగితే అది మనిషిమీది అభిమానం. ఈ రెండో ప్రశ్నకు అంగడివాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. నలుగురు అడిగితే ఐదోవాడికైనా జవాబు వెతికిపెట్టుకోక తప్పదు.