బీటెక్ ప్రాజెక్టు, నానీమా ఆవాజ్

బీటెక్ నాలుగో ఏడు వచ్చిందంటే మన ఇళ్లలో ఒక మాట వినబడుతుంది. "అబ్బా, ప్రాజెక్టుకి పైసలు కావాలి." ఎందుకని ఎవరూ సవాల్ చెయ్యరు. అదీ ఒక ఫీజే అనుకుని, ఎక్కడో ఒకచోట ఖర్జ్ తెచ్చి ఇచ్చేస్తారు. ఆ పైసలు ఎక్కడికి పోతాయో కంప్యూటర్ సైన్స్ పిల్లల్ని అడగండి. హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్ముతామని బోర్డులే ఉంటాయి. టైటిల్, కోడ్, లావుపాటి రిపోర్టు, వైవాలో ఏం చెప్పాలో కూడా అంతా తయార్. పేర్లు మార్చి బైండింగ్ చేయించుకోవడమే పిల్లల పని.

మా ఆపా వాళ్లింట్లోనూ ఇదే బాత్ వచ్చింది. దుల్హాభాయ్ కర్నూల్లో దర్జీ. రంజాన్ నెలలో రాత్రుళ్లు కుడితేనే ఏడాది ఫీజులు తేలతాయి. మా భాంజీ బ్యాచ్‌లో నలుగురు. తలా నాలుగు వేలేసుకుని కొనేద్దామని మిగతా ముగ్గురూ ఫైసలా చేసేశారు. ఈ పిల్ల నాకు ఫోన్ చేసింది. "మామూ, నాలుగు సాల్‌ల నుంచి వేరేవాళ్లు చెప్పింది రాస్తున్నా. ఒక్కటైనా నా అంతట నేను కనిపెట్టి చూడొద్దా?"

నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నాకు తెలిసిన ఒక కిస్సా చెప్పాను. ఒక అంకె ప్రధాన సంఖ్యా కాదా అన్నది చిన్న అంకెల్లో ఆసాన్. 7ని 1, 7 తప్ప ఏదీ భాగించదు. వందల అంకెల పొడవున్న సంఖ్య అయితే? త్వరగా తేల్చే పద్ధతులు ఉండేవి గానీ, అవి కొంత అదృష్టం మీదో, ఇంకా రుజువు కాని ఊహ మీదో నడిచేవి. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్ అనే ఉస్తాద్, ఆ ఏడాదే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి పక్కా పద్ధతి చూపించారు. ఆ ఇద్దరు కుర్రాళ్ల బీటెక్ ప్రాజెక్టు నుంచే అది పెరిగింది. 2006లో ముగ్గురికీ గోడెల్ ప్రైజ్ వచ్చింది. "అంత పెద్దది నీకు అక్కర్లేదు బేటీ. జవాబు ఎవరికీ తెలియని చిన్న సవాల్ ఒకటి చాలు," అన్నాను.

సవాల్ ఆమెకి ఇంట్లోనే దొరికింది. మా అమ్మీ, అంటే ఆమె నానీమా, ఫోన్లో మాట్లాడి టైప్ చేయించబోతే అది ఒకటి అంటే ఇంకోటి రాస్తుంది. ఉర్దూ తెలిసిన మెషీన్ మన దక్కనీని ఎంతవరకు పట్టుకుంటుంది? ఎక్కడ జారిపోతుంది? ఇదే ప్రాజెక్టు. వేరే బ్యాచ్‌గా ఒక్కతే చేసుకోవడానికి ఇజాజత్ కోసం మూడు వారాలు కాలేజీలో తిరిగింది.

మొదట ఆవాజ్‌లు కావాలి. మొహల్లాలో ఖాలాలు, దాదీలు ముందు నక్కో అన్నారు. "మా ఆవాజ్ ఎక్కడెక్కడికి పోతుందమ్మా? గైర్ మర్దులు వింటారా?" సవాల్ సరైనదే. ఎవరు వింటారు, ఎక్కడ దాస్తారు, వద్దంటే ఎప్పుడు తీసేస్తారు, అన్నీ తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి, చదివి వినిపించి, దస్తఖత్ చేయించుకుంది. వారం తర్వాత ఒక ఖాలా తీసేయమంది. అందరిలోకీ సాఫ్‌గా ఉన్న రికార్డింగ్ ఆమెదే. ఆ రోజే తీసేసింది. "అమానత్ మామూ, ఏం చేస్తాం," అంది.

తప్పులు లెక్కపెట్టడానికి ఒక హిసాబ్ ఉంది. మనిషి విని రాసినదాన్నీ మెషీన్ రాసినదాన్నీ పక్కపక్కన పెట్టాలి. మారిన పదాలు, వదిలేసినవి, లేనివి చేర్చినవి కలిపి, మనిషి రాసిన మొత్తం పదాలతో భాగించాలి. పది పదాల్లో మూడు తప్పులైతే 30 శాతం. ఇది పెడుతుంటే ఒక వింత బయటపడింది. నానీమా "పానీ హోనా" అంది. మెషీన్ రెండు పదాలూ సరిగ్గా రాసింది. తప్పులు సున్నా. కానీ మనకి హోనా అంటే కావాలి. కితాబీ ఉర్దూలో హోనా అంటే ఉండటం, అవ్వటం. కావాలంటే చాహియే అనాలి. ఆ రాతనే తర్జుమా చేయిస్తే నీళ్లు మిగిలాయి, నానీమా దాహం పోయింది. లెక్క ప్రకారం సరైన వాక్యాల్లోనే మానే తప్పిపోయిన చోట్లన్నీ ఏరి, దానికో అధ్యాయం రాసింది. రేపు ఆస్పత్రిలో ఫోన్ ఎత్తేది మెషీనే అయితే, మన బుజుర్గులు ఏం అడిగారో దానికి తెలియాలి కదా.

వైవాలో ఎక్స్‌టర్నల్ మొహం చిట్లించారట. "మిగతావాళ్లకి 98 శాతం వచ్చింది. నీ రిజల్ట్ ఇంత తక్కువేంటమ్మా?" "మెషీన్ ఎంత తక్కువ పట్టుకుంటుందో తెలుసుకోవడమే నా ప్రాజెక్టు సార్," అని చెప్పిందట. మార్కులు కొన్న ప్రాజెక్టువాళ్ల కన్నా నాలుగు తక్కువే వచ్చాయి. ఆపా ఆ రోజు అన్నం తినలేదు. దుల్హాభాయ్ మాత్రం ఆ రిపోర్టుని షాపులో మిషన్ పక్కన పెట్టుకుని, వచ్చిన గిరాకీలకల్లా హోనా సంగతి చెబుతున్నారు.

పరిశోధనని ఉర్దూలో తహ్ఖీఖ్ అంటాం. ఆ మాట హఖ్ నుంచి వచ్చింది, నిజమేదో తేల్చుకోవడం. పిల్లలకి చదువులో ఆ మౌకా దొరికేది ఈ ఒక్క ప్రాజెక్టులోనే. అందుకే మీ ఇంట్లో ప్రాజెక్టుకి పైసలు అడిగితే, ముందు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి అడగండి, "నీ సవాల్ ఏంటి బేటా?" అని. మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పమనండి. చెప్పలేకపోతే తిట్టకండి. ఇంకో నెల టైమ్ ఇవ్వండి, ఇంట్లో మీ అమ్మీ పక్కన కాసేపు కూర్చోమనండి.