ఎలక్కి దుబాసీ

మావాళ్ళెవరూ జంషెడ్‌పూర్ అనరు, టాటా అంటారు. "మావోడు టాటాలో ఉన్నాడు" అంటే శ్రీకాకుళం పక్క పల్లెల్లో ఇంక వివరం అడిగేవాళ్ళుండరు. స్టేషన్ పేరు కూడా టాటానగరే. 1919కి ముందు ఆ స్టేషన్‌ని కాలీమాటీ అనేవారట, అంటే నల్లమట్టి. పేరు మారింది గాని మట్టి మారలేదు. కడ్మాలో మా క్వార్టర్ కిటికీ గట్టు పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి దానిమీద వేలితో పేరు రాసుకోవచ్చు.

1994లో ఆ దుమ్ములోకి ఒక కంప్యూటర్ వచ్చింది. నాన్న పీఎఫ్‌లో అప్పు తీసి కొన్నాడు. అసెంబుల్ చేయించిన 386, నాలుగు ఎంబీ మెమరీ, ఎమ్మెస్ డాస్ 5. షాపువాడు తీగలన్నీ తగిలించి, తెర మీద 'సి' అక్షరం వెలిగించి, "మౌస్‌ది ఈ ఫ్లాపీలో ఉంది, ఎక్కించుకోండి" అని స్కూటరెక్కేశాడు. ఆ ఫ్లాపీ అయిదుంబావు అంగుళాలది. మా పెట్టెకున్నది మూడున్నర అంగుళాల నోరు.

అమ్మ ఆ పాలిథీన్ కవర్లోంచి మౌస్‌ని తోక పట్టుకుని పైకెత్తింది. "ఏటిరా ఇది? ఎలకా? డబ్బులిచ్చి మరీ తెచ్చారా?" అంది.

ఎలకే. పేరు ఈవిడ పెట్టింది కాదు. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా బిల్ ఇంగ్లిష్ అనే ఇంజనీరు చెక్కదిమ్మలో రెండు చక్రాలు బిగించి మొదటిది చేసినప్పటి నుంచీ తీగని చూసి దాన్నందరూ ఎలకనే అంటున్నారు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని సభలో ఆడించి చూపించాడు. అది కడ్మా చేరడానికి పాతికేళ్ళు దాటింది. చేరాక కూడా మరో పన్నెండు రోజులు బల్లమీద చచ్చినట్టు పడుంది, ఫ్లాపీ మూలాన.

బిష్టుపూర్ రామమందిరంలో ఆదివారం నాన్న ఎవరితోనో ఈ గోడు చెప్పుకున్నాడు. ఆంధ్రభక్త శ్రీరామమందిరమని పేరుకి గుడే గాని, మా తెలుగువాళ్ళకి అది సంబంధాల కచేరీ, ఉద్యోగాల ఆరా, ఊరి పేపరు అన్నీను. ఒక బాబాయిగారు తన ఆఫీసులో రెండు సైజుల డ్రైవులూ ఉన్న మెషీనుందని, చిన్న ఫ్లాపీలోకి ఎక్కించి తెచ్చిచ్చాడు. ఫైలు పేరు మౌస్ డాట్ కామ్. ఇప్పుడు వింటే వెబ్‌సైటులా ఉంటుంది.

ఎంతో ఆశగా మౌస్ అని టైపు కొట్టి ఎంటర్ నొక్కాను. మౌస్ లేదంది. చేతిలో పట్టుకు కూచున్నాను, లేదంటుంది! తీగ ఊడదీసి పెట్టాను. రీబూట్ చేశాను. రెండు రోజుల తర్వాత దాన్ని వెల్లకిలా తిప్పినప్పుడు బొడ్డు పక్కన గోరంత స్విచ్ కనబడింది. ఒక పక్క ఎమ్మెస్, ఇంకో పక్క పీసీ. పీసీకే కదా తగిలించాం అని షాపువాడు అటు జరిపి ఉంటాడు. ఇటు జరిపాను. మళ్ళీ మౌస్ అని కొడితే, ఈసారి ఉందంది.

కారణం చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ రోజుల్లో సీరియల్ మౌస్‌లకి రెండు భాషలుండేవి. మైక్రోసాఫ్ట్ భాషలో ఒక్కో కదలికకి మూడు బైట్లు, మౌస్ సిస్టమ్స్ భాషలో అయిదు. డ్రైవర్, అంటే ఆ మౌస్ డాట్ కామ్, ముందు పోర్టులో ఒక తీగకి కరెంటు ఆపి మళ్ళీ ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ భాష వచ్చిన మౌస్ వెంటనే 'ఎమ్' అని ఒక్క అక్షరం పలకాలి, బళ్ళో హాజరు పలికినట్టు. మా ఎలక రెండో భాషలో ఉండబట్టి పలకలేదు. గైర్హాజరు పడింది.

డ్రైవర్ అనే మాట నాకెప్పుడూ నచ్చలేదు. అది నడిపేదేమీ లేదు. అది దుబాసీ. ఆ పని నాకు బాగా తెలుసు, ఎందుకంటే అయిదో ఏట నుంచి నేను చేసింది అదే. అమ్మకి అప్పట్లో హిందీ రాదు. కూరల బండి వీధిలో అరిస్తే నేను వెళ్ళాలి. అమ్మ గుమ్మం లోపలుంటుంది, అతను బయట, మధ్యలో నేను. "ఈ వంకాయలు పుచ్చులు, ఆడి ముఖంలాగే ఉన్నాయి, రూపాయి తగ్గించమను" అని అమ్మ అంటే, నేను "భయ్యా, ఏక్ రుపయా కమ్ కరో" అనేవాణ్ణి. ముఖం సంగతి నా దగ్గరే ఆగిపోయేది.

మౌస్ డ్రైవరు కూడా సరిగ్గా ఇలాగే కొంత మింగుతుంది. తెర మీద తానెక్కడుందో మౌస్‌కి బొత్తిగా తెలీదు. "ఇంత కుడికి, ఇంత కిందికి" అని చెబుతూ పోవడమే దాని పని. ఆ తునకలకి మిక్కీలని పేరు, ఏ ఎలక మీద ప్రేమతో పెట్టారో చెప్పనక్కర్లేదు. వాటిని కూడి, బాణం ఎక్కడుండాలో లెక్క కట్టి, తెర అంచు దాటబోతే అక్కడే ఆపేది డ్రైవరు. ప్రోగ్రాములు ఎలకతో నేరుగా మాట్లాడవు. 33 నంబరు ఇంటరప్ట్ అనే గుమ్మం దగ్గరకొచ్చి ఒక అంకె చెబుతాయి: ఒకటి అంటే బాణం చూపించు, రెండంటే దాచు, మూడంటే ఎక్కడుందో, ఏ బటన్ నొక్కారో చెప్పు. ఆ 33 కూడా పదహారు లెక్కన రాసింది, మన లెక్కలో 51.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. డాస్ ప్రోగ్రాములకి దక్కే చోటు 640 కిలోబైట్లు. పెట్టెలో నాలుగు ఎంబీలున్నా సరే, అసలు నివాసం ఆ 640లోనే. మా క్వార్టర్ రెండు గదులది. ఊరినుంచి ఎవరో ఒకరు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చేవారు. "రెండ్రోజులుంటాను బావా" అనేవారు. మౌస్ డాట్ కామ్ కూడా పని ముగిసిందని చెప్పి ప్రాంప్ట్ తిరిగిచ్చేస్తుంది గాని, చోటు ఖాళీ చెయ్యదు. ఇంగ్లీషులో ఇలాటివాటిని 'టెర్మినేట్ అండ్ స్టే రెసిడెంట్' అనేవారు. ఈ మాట మా నాన్నకి అర్థం చెప్పినప్పుడు ఆయన చాలాసేపు నవ్వాడు. నడవాలో చాప మీద ఎవరో చిన్నమామ నిద్రపోతున్నాడు ఆ వేళ.

డాస్ 5తో ఒక ఉపాయం వచ్చింది. కాన్ఫిగ్ డాట్ సిస్‌లో హైమెమ్, ఇఎమ్ఎమ్ 386 రాసి, ఆటోఎగ్జెక్‌లో మౌస్ పేరు ముందు లోడ్‌హై అని చేరిస్తే, అది 640 పైనున్న అటకలోకి వెళ్ళి పడుకుంటుంది. ఏది ముందెక్కాలి, ఏది తర్వాత అన్నది వరస మార్చి మార్చి చూశాను. మెమ్ అని కొట్టడం, మిగిలిన కిలోబైట్లు లెక్కెట్టడం, మళ్ళీ రీబూటు. పరీక్షలకి అంత చదివుంటే నాన్న సంతోషించేవాడు.

తర్వాత మోడెమ్ కార్డు పెట్టినప్పుడు ఇంకో తగువు. మౌస్ కామ్ 1 అనే పోర్టులో ఉంది, మోడెమ్‌ని కామ్ 3లో పెట్టారు. పేర్లు వేరైనా రెంటికీ వాడుకగా నాలుగో నంబరు ఇంటరప్టే. రెండు క్వార్టర్లకి ఒకే కుళాయి అన్నమాట. ఇటు ఫోను కలవగానే అటు బాణం బిగుసుకుపోయేది. మోడెమ్‌ని కామ్ 4కి మార్చాక, దానికి మూడో నంబరు కాబట్టి, ఇద్దరికీ నీళ్ళొచ్చాయి.

ఒకరోజు బాణం నిలువుగా తప్ప కదలదు. మళ్ళీ డ్రైవరు తీసి పెట్టాను, ఫైళ్ళు తిరగరాశాను. అమ్మ వచ్చి, మౌస్ తిప్పి, మూత విప్పి, గోళీ బయటకు తీసి, "ఇదిగో, ఇందులో ఒత్తి ఉంది" అంది. లోపలి రోలరు మీద మా ఊరి నల్లదుమ్ము ఒత్తిలా చుట్టుకుని ఉంది. పిన్నీసుతో ఒలిచి పారేసింది. అప్పటినుంచి శనివారం దీపం కుందులతో పాటు దాన్నీ శుభ్రం చేసేది.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది, మా ఇంటికి కొంచెం ఆలస్యంగా. అది ఎలకని తనంతట తానే పలకరించింది. అంతకన్నా చిన్నబుచ్చిన సంగతి, విండోస్ 3.1 కూడా తన దుబాసీని తానే తెచ్చుకునేదట. అందులో బొమ్మలు గీసుకోవడానికి నా అటక ఏర్పాటంతా అక్కర్లేదు. డాస్ ప్రోగ్రాములకే ఆ మౌస్ డాట్ కామ్.

నాన్న రిటైరయ్యాక క్వార్టరు అప్పగించి శ్రీకాకుళం వచ్చేశారు. మొన్న వెళ్ళినప్పుడు ఎదురింట్లో టైల్స్ వేస్తున్నారు. పనివాళ్ళది చాయిబాసా అట, టాటాకి పక్కనే. ఎదురింటావిడ అరుగు మీంచి "వదినా, ఆ మూల వంకరగా పెట్టాడు, కళ్ళు దొబ్బాయేటో అడుగు" అని కేకేసింది. అమ్మ చీపురు పక్కన పెట్టి గేటు దగ్గరకెళ్ళింది.

"భయ్యా, ఓ కోనా థోడా సీధా కర్ దో" అంది.